తలుపు దగ్గర పీట

ముందుగా ఒక మనవి. నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. ఒత్తులు పడాల్సినచోట పడవు, అక్కర్లేనిచోట పడతాయి. ఒక వాక్యం రాయడానికి ఒక లేసు పువ్వు అల్లేంత సేపు పడుతుంది నాకు. నచ్చకపోతే ఆ పువ్వులాగే విప్పేసి మళ్ళీ మొదలుపెడతాను. అందుకే ఇది పంపడం ఇంత ఆలస్యమైంది. తప్పులు పత్రికవారు దిద్దుకోవచ్చు. మనుషుల పేర్లు మాత్రం మార్చవద్దని కోరుతున్నాను.

*

ఆశాజ్యోతి బడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, టీ గ్లాసు పట్టుకుని పక్కగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తలుపుకి ఇవతల సువార్తమ్మ పీట వేసుకుని, వీపు చెక్కకి ఆనించి కూర్చుంది. ఒళ్ళో దారపు ఉండ, చేతిలో లేసు సూది. ఆవిడ వీపు ఆ తలుపుకి ఆనిందంటే లోపల కోడలు నవల రాస్తోందని పాలకొల్లులో ఆ వీధి వీధంతటికీ తెలుసు.

ఎదురింటి సత్యవాణి పప్పుగిన్నెతో వచ్చింది.

"పిన్నిగారూ, ఆశగారున్నారాండి? మా మిక్సీ కాలిపోయింది. కాస్త గారెల పప్పు రుబ్బుకుందామని."

"ఉంది. లోపలుంది. గిన్నె అక్కడ పెట్టి వెళ్ళు, నేను రుబ్బి ఉంచుతాను."

"ఇప్పుడేనా?"

"ఇప్పుడు చప్పుడు చెయ్యను. అది బయటికొచ్చాక."

సత్యవాణి గుమ్మానికి ఆనుకుని నవ్వింది. "గర్భగుడి ముందు పూజారిలా కూర్చుంటారండీ మీరు. లోపల దేవుడికి ఆకలేస్తేనో?"

"దేవుడు టీ పట్టుకునే వెళ్ళాడు."

"మా అత్తగారైతే నేను పేపరు తిరగేసినా ఓర్చుకోదు. మీరేమో కాపలా కాస్తారు. అదృష్టవంతురాలండీ ఆశగారు."

సువార్తమ్మ దారం వేలికి చుట్టుకుంది. మాట తనకి నచ్చిందని ఎదుటి మనిషికి తెలియకూడదనుకున్నప్పుడు ఆవిడ అలాగే చుట్టుకుంటుంది.

మనవరాలు గ్రేసీ మంచం మీంచి లేచి వచ్చింది. మూడో తరగతి పిల్ల. పొద్దుటినుంచి ఒళ్ళు వెచ్చగా ఉందని బడికి పంపలేదు.

"అమ్మ కావాలి మామ్మా."

"వస్తుందమ్మా. పేజీ అయిపోగానే వస్తుంది."

"ఎప్పుడూ పేజీయే."

"అదవగానే అంతా నీదే. రా, ఇలా పడుకో."

పిల్ల ఆవిడ తొడమీద తల పెట్టుకుంది. ఆ తల పైన ఆవిడ చేతులు లేసు అల్లుతూనే ఉన్నాయి. గొలుసు, గొలుసు, మెలిక. లోపల కుర్చీ కిర్రుమన్న చప్పుడు, కాగితం తిప్పిన చప్పుడు వీపుకి తెలుస్తున్నాయి. చాలాసేపు ఏ చప్పుడూ లేకపోతే కోడలు రాయడం ఆపి ఆలోచిస్తోందని ఆవిడకి తెలుసు. అప్పుడు తనూ సూది ఆపుతుంది. మళ్ళీ కాగితం కదిలాక తన చెయ్యి కదులుతుంది.

చీకటి పడుతుండగా ఆశాజ్యోతి బయటికొచ్చింది. కూతురి నుదురు చూసి, చప్పున ఎత్తుకుని, మాత్ర వేసి పడుకోబెట్టింది. వంటింట్లో బియ్యం చేటలో పోసుకుని కూర్చుంటూ, "ఏదీ అత్తయ్యా, నిన్న ఎక్కడ ఆపారు?" అంది.

సువార్తమ్మ బైబిలు తీసి నిలబడింది. చర్చిలో సంఘం ముందు వాక్యం నిలబడి చదవాలి కాబట్టి ఇంట్లోనూ నిలబడే నేర్చుకుంది. వేలు లావు, అక్షరం సన్నం. అందుకని లేసు సూది మొనతో ఒక్కొక్క అక్షరం చూపించుకుంటూ పైకి చదువుతుంది. నోరు తిరగని మాట దగ్గర సూది ఆగుతుంది. ఆశాజ్యోతి బియ్యంలోంచి తల ఎత్తకుండానే ఆ మాట అందిస్తుంది. ఏ పుటలో ఏముందో ఆ పిల్ల చూడక్కర్లేదు. ఆగిన చోటుని బట్టి తెలిసిపోతుంది. వెనక్కి తిరిగి పోపు వేస్తున్నా, జడ అల్లుకుంటున్నా అంతే.

"బాగా చదువుతున్నారు. వచ్చే నెల స్త్రీల సమాజంలో మీరే చదవాలి."

"నవ్వుతారేమో."

"నవ్వితే నేను లేనూ?"

మర్నాడు రాజమండ్రిలో ఆశాజ్యోతి నవల ఆవిష్కరణ. సువార్తమ్మ కట్టుకోవాల్సిన చీర ఇస్త్రీ చేయించి మంచం మీద పెట్టి ఉంది. గ్రేసీ జ్వరం తగ్గేలా లేదు. ఆశాజ్యోతి ఆ చీర వంకా, పిల్ల వంకా చూస్తుంటే సువార్తమ్మే చీర మడత విప్పకుండా బీరువాలో పెట్టేసింది.

"నువ్వు, అబ్బాయి వెళ్ళిరండి. పిల్ల దగ్గర నేనుంటాను."

"మీరు రాకపోతే ఎలా అత్తయ్యా? సభలో మీ గురించి చెప్దామనుకున్నాను."

"ఏం చెప్తావు?"

"తలుపు సంగతి."

సువార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "పీట సంగతి కూడా చెప్పు. ఒక కాలు కుంటిదని."

*

ఆదివారం ఆవిడ ఆరాధనకి గుడికి కూడా వెళ్ళలేదు. తడిగుడ్డతో పిల్ల ఒళ్ళు తుడిచింది, చారన్నం తినిపించింది. గుడిలో పాట మైకులో దూరంగా వినిపిస్తుంటే తను కూడా సన్నగా కలిపింది. మధ్యాహ్నం సత్యవాణి వచ్చి, "ఈపాటికి మొదలై ఉంటుందండి సభ" అంది. ఆ మాట అన్న దగ్గర్నుంచి సువార్తమ్మకి సూది సరిగా ఆడలేదు. పెద్ద హాలు, కుర్చీలు, చదువుకున్నవాళ్ళు. అంతమంది ముందు కోడలు మైకు దగ్గరికి వచ్చి, మా అత్తయ్య అని మొదలుపెడుతుంది. ఆ తర్వాత ఏమంటుందో ఆవిడ ఊహకి అందలేదు. రెండుసార్లు మెలిక తప్పితే విప్పి మళ్ళీ అల్లింది.

దీపాలు పెట్టే వేళకి వాళ్ళు వచ్చారు. ఆశాజ్యోతి భుజాన జరీ శాలువా, చేతిలో వాడిన లిల్లీల బొకే. కొడుకు విజయ్ పాల్ పుస్తకాల అట్టపెట్టె మోసుకొచ్చి గోడవార దించాడు. పిల్ల తల్లి మెడ చుట్టుకుంది.

"చెప్పావా?" అని అడిగింది సువార్తమ్మ.

ఆశాజ్యోతి జడలోంచి పిన్నులు తీస్తోంది. "ఏంటత్తయ్యా?"

"పీట సంగతి."

"ఎక్కడండి. పెద్దవాళ్ళందరూ మాట్లాడేసరికి టైం అయిపోయింది. నాకు అయిదు నిమిషాలు ఇస్తే గొప్ప."

విజయ్ పాల్ తువ్వాలు భుజాన వేసుకుని తల్లి వంక చూడకుండా పెరట్లోకి వెళ్ళాడు. వాడు ఇంటికి రాగానే ముందు తల్లి దగ్గర కూర్చుని కాసిని మంచినీళ్ళు తాగుతాడు. అలసిపోయాడేమో అనుకుంది.

ఆశాజ్యోతి పెట్టె విప్పి ఒక పుస్తకం తీసి రెండు చేతులా పట్టుకుని ఇచ్చింది. "మొదటి కాపీ మీకే. ఇదిగో, ఇక్కణ్ణుంచి మొదలుపెట్టండి, మొదటి అధ్యాయం. ముందు పేజీలన్నీ ఉత్తి గోల. ధర, అడ్రసులు, వాళ్ళకీ వీళ్ళకీ థాంక్సులు. మీకు విసుగొస్తుంది." పేజీ తెరిచి, మధ్యలో ఒక లిల్లీ రేకు గుర్తుగా పెట్టింది.

*

సోమవారం అందరూ ఎవరి దారిన వాళ్ళు వెళ్ళాక, గ్రేసీకి జ్వరం తగ్గి నిద్రపోతుండగా, సువార్తమ్మ మొహం కడుక్కుని, కళ్ళజోడు తుడుచుకుని పుస్తకం పట్టుకుని నిలబడింది. రేకు పెట్టిన చోట తెరవలేదు. చదువు వచ్చినవాళ్ళు పుస్తకంలో ఎక్కడైనా దిగగలరు. ఆవిడకి అది చేతకాదు. అట్ట మొదటి పువ్వు. అక్కడ మొదలుపెట్టి వరసగా వెళ్ళాల్సిందే. మధ్యలో ఒకటి వదిలేస్తే లేసుకి చిల్లు పడినట్టుంటుంది ఆవిడకి. కోడలి పేరు చదివింది. ప్రెస్సు పేరు చదివింది. ధర, ఫోను నంబరులో ఒక్కొక్క అంకె చదివింది. పుట తిప్పింది. పైన పెద్ద అక్షరాలతో 'నా మాట' అని ఉంది.

'ఈ నవలను నేను దొంగతనంగా రాశాను.'

సువార్తమ్మకి నవ్వొచ్చింది. ఎవరి దగ్గర దొంగతనం? సూది ముందుకి జరిపింది.

'మా ఇంట్లో పుస్తకం ముట్టుకున్నవారు లేరు. వంటింటి మూల, పొయ్యి పక్కన, పాపను ఒళ్ళో వేసుకుని రాశాను. తలుపు వేసుకుని కూర్చునే భాగ్యం నాకు లేదు.'

సూది 'తలుపు' మీద ఆగింది. ఆ అక్షరాలు తేలికైనవే. ఆవిడ వాటిని మళ్ళీ చదివింది. వెనక్కి తిరిగి పక్కగది తలుపు చూసింది. ఆవిడ వీపు ఆనే చోట రంగు పోయి చెక్క నున్నగా మెరుస్తోంది. మళ్ళీ పుస్తకంలోకి తిరిగింది.

'నిరక్షరాస్యురాలైన' అని ఒక పొడుగాటి మాట వచ్చింది. ఎన్నిసార్లు కూడబలుక్కున్నా నోట్లో నిలవలేదు. అందించేవాళ్ళు లేరు. దాన్ని దాటి ముందుకు వెళ్ళింది. '... అత్తగారి కళ్ళు కప్పి, ఒక్కొక్క పేజీ దాచుకుంటూ రాశాను. నాకు ఎవరి సాయమూ లేదు.'

అక్కడితో ఆ పేరా అయిపోయింది. కింద ఎవరెవరికో కృతజ్ఞతలున్నాయి. అవి కూడా వదలకుండా చదివింది. కవరు బొమ్మ వేసినాయన, పుస్తకం అచ్చువేసిన ప్రెస్సాయన, అచ్చుతప్పులు చూసిపెట్టిన భర్త విజయ్ పాల్.

గ్రేసీ లేచి మంచినీళ్ళు అడిగింది. ఇచ్చింది. అన్నం వండింది. ఇంట్లో ఉండిపోయిన సత్యవాణి గిన్నె కడిగి పంపింది. సాయంత్రం ఆశాజ్యోతి టీ గ్లాసు పట్టుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. సువార్తమ్మ పీట వేసుకుని కూర్చుంది. వీపు మాత్రం తలుపుకి ఆనించలేదు.

విజయ్ పాల్ కరెంటాఫీసు నుంచి వచ్చాడు. తల్లి మంచినీళ్ళు ఇచ్చింది.

"ఒరేయ్, నిరక్ష... నిరక్షరా... అలా ఒక మాటుంది. దానికి అర్థం ఏంటిరా?"

వాడి చేతిలో గ్లాసు పెదవి దగ్గరే ఆగింది. ఎక్కడ చూశావని అడగలేదు. "చదువు రాని మనిషి అని" అన్నాడు నేలవంక చూస్తూ.

"నువ్వు అచ్చుకి ముందే చూశావటగా."

"అమ్మా, గట్టిగా మాట్లాడకు. లోపల రాసుకుంటోంది."

సువార్తమ్మ కొడుకు వంక అలాగే చూసింది. ఈ ఇంట్లో ఆ మాట అనే మనిషి ఇన్నాళ్ళూ తను.

"అది ఉత్త ముందుమాటమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "అందరూ అలాగే రాస్తారు. నేను తనతో అన్నాను, అమ్మ చూస్తే బాధపడుతుందేమో అని. అంతదూరం చదవలేరులే అంది."

*

మర్నాడు సాయంత్రం ఒక పత్రిక నుంచి లక్ష్మీదుర్గ అనే అమ్మాయి వచ్చింది. నవల గురించి వ్యాసం రాస్తుందట, ఫోటోలు కావాలట. ఆశాజ్యోతి అందుకోసం బడి నుంచి ముందే వచ్చేసింది. వంటింట్లోకి వెళ్ళి, గట్టు మీద మిక్సీ, గ్రైండరు పాత దుప్పటి కప్పి మూలకి నెట్టింది. నేల తుడిచింది. తలుపు దగ్గరికొచ్చి, "అత్తయ్యా, కాస్త ఆ పీట ఇస్తారా?" అంది.

సువార్తమ్మ లేచి ఇచ్చింది. తను గుమ్మం పక్కన చాపమీద కూర్చుంది.

ఆశాజ్యోతి వంటింట్లో ఆ పీట వేసుకుని, మోకాళ్ళ మీద కాగితాలు పెట్టుకుని, గ్రేసీని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. పక్కగదిలో బల్ల ఉంది. దానిమీద సువార్తమ్మ అల్లిన లేసు గుడ్డ ఉంది. ఆ గది తలుపు దగ్గరికి వేసి ఉంది.

"ఇక్కడేనాండి మీరు రాసుకునేది?" అని అడిగింది లక్ష్మీదుర్గ ఫోను అటూ ఇటూ తిప్పుతూ.

"ఇక్కడే."

"పొయ్యి పక్కన అని రాశారు కదండీ ముందుమాటలో."

"ఇప్పుడు గ్యాసు వచ్చిందిలెండి."

"అమ్మా, మనం గదిలోకి వెళ్దాం, ఇక్కడ ఉక్కగా ఉంది," అంది గ్రేసీ. తల్లి ఆ పిల్ల మోచేతి మీద చెయ్యి వేసింది.

ఇవతల సువార్తమ్మ అల్లుతూనే ఉంది. రాత్రే నిశ్చయించుకుంది, ఏమీ అనకూడదని. పిల్ల ఏదో రాసుకుంది, పదిమందిలో పేరు వచ్చింది, తనకేం పోయింది అనుకుంది. తెల్లారేసరికి ఆ మాటని దాదాపు నమ్మింది కూడా. గొలుసు, గొలుసు, మెలిక.

ఫోటోలు అయ్యాక లక్ష్మీదుర్గ గుమ్మం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. మర్యాదగల పిల్ల. "నమస్కారమండి మామ్మగారూ. మీ కోడలుగారు రాసింది మీరు చదివారాండి?"

సువార్తమ్మ నోరు తెరిచేలోగా వంటింట్లోంచి సమాధానం వచ్చింది. టీ వడకడుతున్న చప్పుడు మధ్యలోంచి, మామూలుగా, ఉప్పు ఎక్కడుందో చెప్పినట్టు.

"అత్తయ్యకి చదవడం రాదండి."

సువార్తమ్మ చేతిలో మెలిక సగంలో ఆగింది. అంతవరకూ అన్నీ ఓర్చుకుంది. పొయ్యి, తలుపు, ఆ పొడుగాటి మాట. అవి ఆ పిల్ల రాసుకున్నవి. కానీ ఈ ఒక్కటి ఆ పిల్ల తనకి ఇచ్చింది. బియ్యం ఏరుతూ, పోపు వేస్తూ, రోజుకి కాస్త కాస్త ఇచ్చింది. ఇచ్చిన చేత్తోనే పరాయి మనిషి ముందు లాగేసుకుంది.

ఆవిడ లేసు బుట్టలో అడుగునుంచి పుస్తకం తీసింది. లేసులోంచి సూది లాగింది. మోకాళ్ళమీద చెయ్యి ఆన్చి నెమ్మదిగా లేచి, సంఘంలో నిలబడ్డట్టు తిన్నగా నిలబడింది.

"నా మాట," అని మొదలుపెట్టింది.

లక్ష్మీదుర్గ తల ఎత్తి చూసింది.

"ఈ న-వ-ల-ను నేను... దొంగ-తనంగా రాశాను. మా ఇంట్లో పుస్తకం ముట్టుకున్న-వారు లేరు." సూది మొన అక్షరం మీంచి అక్షరం మీదికి జరుగుతోంది. గొంతు పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. వంటింట్లో గ్లాసుల చప్పుడు ఆగింది. "వంటింటి మూల, పొయ్యి పక్కన, పాపను ఒళ్ళో వేసుకుని రాశాను. తలుపు వేసుకుని కూర్చునే భాగ్యం నాకు లేదు."

ఊపిరి పీల్చుకుంది.

"ని-ర-క్ష... నిరక్ష-రా..." సూది ఆగింది. మళ్ళీ వెనక్కి వెళ్ళింది. "నిరక్షరా..."

"నిరక్షరాస్యురాలైన," అంది ఆశాజ్యోతి వంటింట్లోంచి.

ఎప్పటిలాగే, ఇటు తిరగకుండానే అంది. అనేశాక ఇటు తిరిగింది. చేతిలో టీ పళ్ళెం ఉంది.

"నిరక్షరాస్యురాలైన," అని అందుకుంది సువార్తమ్మ, "అత్తగారి కళ్ళు కప్పి, ఒక్కొక్క పేజీ దాచుకుంటూ రాశాను. నాకు ఎవరి సాయమూ లేదు."

పుస్తకం మూసింది. చాప మీద కూర్చుని, సూది మళ్ళీ సగంలో ఆగిన మెలికలో గుచ్చింది.

లక్ష్మీదుర్గ ఆవిడ వంకా, గుమ్మంలో పళ్ళెం పట్టుకుని నిలబడ్డ మనిషి వంకా చూసింది. ఫోను సంచిలో పెట్టుకుంది. టీ తాగకుండా, "మళ్ళీ ఫోన్ చేస్తానండి" అని చెప్పి చెప్పులు వేసుకుంది.

ఆశాజ్యోతి పళ్ళెం కింద పెట్టి అత్తగారి ముందు కూలబడింది.

"మీకు తెలియదు అత్తయ్యా. అక్కడ అందరూ అదే అడుగుతారు. ఎన్ని కష్టాలు పడి రాశావని అడుగుతారు. మా అత్తగారు తలుపు దగ్గర కూర్చుని నన్ను రాసుకోనిచ్చింది అంటే ఎవరికి కావాలి? కష్టం లేని ఆడదాని పుస్తకం ఎవరు చదువుతారు?"

"అందుకని నీకొక గయ్యాళి కావలసి వచ్చింది."

"మిమ్మల్ని కాదు. ఊరికే, ఒక అత్తగారిని."

"నీకు ఎంతమందున్నారమ్మా అత్తగార్లు?"

ఆశాజ్యోతి ఏడ్చింది. ఆ ఏడుపు నిజమైనదేనని సువార్తమ్మకి తెలుసు. ఎప్పుడైనా ఆ పిల్ల ఏడిస్తే తల నిమిరే చెయ్యి దారం మీదే ఉండిపోయింది.

"మళ్ళీ అచ్చువేసినప్పుడు తీసేస్తానత్తయ్యా. నిజం రాస్తాను. ఒట్టు."

"వద్దు. తియ్యకు."

"మరేం చెయ్యమంటారు?"

"నువ్వేం చెయ్యక్కర్లేదు. టీ చల్లారిపోతోంది, పిల్లకి పాలు కలుపు."

*

పొద్దున్నే సువార్తమ్మ ఇడ్లీపిండి గిన్నె ఫ్రిజ్జులో పెట్టింది. గ్రేసీ యూనిఫాం మడతపెట్టింది. ఇస్త్రీ మడత విప్పని ఆ చీరా, బైబిలూ, దారపు ఉండలూ సంచిలో సర్దుకుంది. నవల బల్లమీద లేసు గుడ్డ మీద పెట్టింది. లేసు గుడ్డ తీసుకోలేదు. పీట వంటింట్లోంచి తెచ్చి తలుపు దగ్గర దాని చోట పెట్టింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు విజయ్ పాల్ నోట్లో బ్రష్షుతో.

"నరసాపురం. సుబ్బాయమ్మ దగ్గరికి. నా లేసు పువ్వులన్నీ అతికి గుడ్డ చేసేది అదేగా. పక్కవాటా ఖాళీగానే ఉంది, రమ్మని ఎప్పట్నుంచో అంటోంది."

"ఎన్నాళ్ళు?"

ఆవిడ సంచి చేత్తో పట్టుకుని గుమ్మం దిగింది. స్టేషనుదాకా వాడే బండి మీద దింపాడు. రైలు కదిలేముందు కిటికీ చువ్వలు పట్టుకుని, "ఆశ ఆ మాటలు తీసేస్తానంటోంది కదమ్మా. ఇంకా ఎందుకు?" అన్నాడు.

"తీయొద్దని చెప్పు. అచ్చులో పడ్డది అబద్ధం అవకూడదు."

వాడికి అర్థం కాలేదు. రైలు కదిలింది. కాలవలూ, రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిమ్ముతూ తిరిగే చక్రాలూ వెనక్కి పోతుంటే సువార్తమ్మ ఒళ్ళో దారం పెట్టుకుంది, అల్లలేదు.

సుబ్బాయమ్మ పక్కవాటాలో ఒక గది, ఒక కిటికీ. సాయంత్రం సువార్తమ్మ ఆ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటుంది. బయట సుబ్బాయమ్మ ఎవరైనా వస్తే, "ఉందండి, లోపల ఏదో గీకుతోంది, అదయ్యాక రండి" అని చెబుతుంది. విజయ్ పాల్ ఫోన్ చేస్తుంటాడు. గ్రేసీ బాగానే ఉందంటాడు. సాయంత్రాలు ఇంటికి ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారనీ, మిక్సీ ఆగడం లేదనీ, పిల్ల అమ్మ ఒళ్ళోంచి దిగడం లేదనీ, ఆశ కాగితాలు వంటింట్లోకి తెచ్చుకుంటోందనీ చెబుతాడు.

ఆ పుస్తకంలో రాసింది ఇప్పుడు నిజం.

కొల్లాబత్తుల సువార్తమ్మ
వయసు అరవై ఏడు
సుబ్బాయమ్మగారి పక్కవాటా, నరసాపురం